సముద్రానికి గట్టు కట్టినదాన్ని

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ పీట ఇటు లాక్కోండి. చంటిదాన్ని నా ఒళ్లో వేయండి. పొయ్యి మీద పాలుంటే ముందే దించి రండి, ఎందుకంటే నేను మొదలుపెడితే మధ్యలో ఆపను, మీరు మధ్యలో లేస్తే ఊరుకోను. ఇవాళ చెప్పబోయేది నేను ఒక పెళ్లిని సముద్రంలో ముంచబోయిన సంగతి. పడవ మునిగిందని విని ఉంటారు, ఓడ మునిగిందని విని ఉంటారు. పెళ్లిచూపులు మునగడం, అదీ బగారన్నం గిన్నెతో సహా మునగడం, బహుశా నా చేతుల మీదుగానే మొదటిసారి జరిగి ఉంటుంది.

నా పేరు సైదమ్మ. పుట్టింది త్రిపురారం, మెట్టింది గరిడేపల్లి. బడికి పోయింది తక్కువ, పొలానికి పోయింది ఎక్కువ. రెండు ఊళ్లకూ సాగర్ కాలువ నీళ్లే. అక్షరాలు చదవడం రాకపోయినా నీళ్లను చదవడం వచ్చని ఆ రోజుల్లో నాకు భలే పొగరు. కాలువ నీళ్ల సంగతి తెలియని వాళ్ల కోసం చెబుతాను. అవి వంతుల లెక్కన వస్తాయి. కొన్ని రోజులు వదులుతారు, కొన్ని రోజులు బంద్ పెడతారు. తూము దగ్గర లష్కరు అని ఒక మనిషి ఉంటాడు. అతను తలుపు దించాడంటే దేవుడొచ్చి అడిగినా మళ్లీ వంతు దాకా చుక్క రాదు. బంద్ పెట్టిన మరునాడు కాలువ అడుగు తడితడిగా, గట్టిగా, అలికిన వాకిలిలా ఉంటుంది. అందులో కూర్చుని మేము బట్టలు ఉతికాం, సద్దులు తిన్నాం, తగువులు కూడా తీర్చుకున్నాం. కాలువ గోడ మీద తడి గీత చూసి నీళ్లు ఎప్పుడు బంద్ అయ్యాయో చెప్పేదాన్ని. ఈ తెలివే నన్ను ముంచింది. అయినా తెలివి లేనివాడు ఎందుకు మునుగుతాడు చెప్పండి, ఒడ్డునే కూర్చుంటాడు కదా!

ఇక పెళ్లికూతురి సంగతి. మా ఆడబిడ్డ స్వరూప. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో అది రెండు జడలతో బడికి పోయే పిల్ల. పుట్టింటి మీద బెంగతో నేను పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే, వచ్చి పక్కన కూర్చుని, ఎందుకని అడగకుండా తానూ ఏడ్చేది. తోడుగా. అట్లాంటి పిల్ల. పెద్దయ్యాక కోదాడలో ఒక దవాఖానలో నర్సుగా కుదిరింది. అక్కడే రక్తపరీక్షల గదిలో పనిచేసే ప్రసాద్ అనే అబ్బాయితో మనసు కలిసింది. అబ్బాయిది బాపట్ల అవతల, సముద్రం పక్క ఊరు. తండ్రి లేడు. తల్లి వెంకటరత్నమ్మకు ఒక్కడే కొడుకు.

ఇటు మా అత్తమ్మ యాదమ్మ ఒప్పుకుంది, సగం. అటు ఆ తల్లి మాత్రం బిగుసుకుపోయింది. ‘అంత దూరం వాళ్లతో మనకేం కలుస్తుంది? రేపు వాడు అక్కడే ఉండిపోతే నన్ను పలకరించే మనిషెవరు?’ అన్నదట. చివరికి ప్రసాద్ బతిమాలగా ఒక మాటకు వచ్చింది. ‘ఇంటికి పిలిస్తే ఊళ్లో అందరి కళ్లూ పడతాయి. కుదరకపోతే పిల్లకు మాట వస్తుంది. మన ఊరి పక్కన సముద్రం ఒడ్డు పార్కులో ఎవరూ ఉండరు. అక్కడ ఒక పూట కలుద్దాం. నా మాట ఏదైనా అక్కడే చెప్పేస్తా.’

మా ఆయన లింగయ్య మిర్యాలగూడ మిల్లుల బియ్యం లారీ నడుపుతాడు. ఒక కారు కిరాయికి తెచ్చి తానే నడిపాడు. పొద్దు పొడవకముందే వంట చేసుకుని బయలుదేరాం. ముందు సీట్లో అత్తమ్మ, వెనక నేనూ స్వరూపా, మా ఇద్దరి మధ్య బగారన్నం గిన్నె, నా కాళ్ల దగ్గర నాటుకోడి కూర డబ్బా, సకినాల సంచి. కోదాడ దాటాక స్వరూప నా చేయి పట్టుకుంది.

“వదినా, ఒక్కటడుగుత, చేస్తవా?”

“పానమియ్యమన్నా ఇస్త. అడుగు.”

“పానమొద్దు గానీ, ఇయ్యాల జర సప్పుడు చెయ్యకుండ కూసో. ఆమె కాదన్నదంటే ఖతం. ప్రసాద్ వాళ్లమ్మ మాట దాటడు. నేను దాటమనను. తర్వాత నాకు ఇంకో సంబంధం మాత్రం తేవద్దు.”

“అంటే? నేను చెడగొడ్తననా?”

“చెడగొట్టవ్ వదినా. సాయం చేస్తవ్. గదే నా భయం.”

ముందు సీట్లోంచి అత్తమ్మ అందుకుంది. “సైదమ్మా, నీకు ఒక్కటే పని. సామాను కాడ కూసో. సామాను సూడు. మనుషుల జోలికి పోకు.”

చూశారా, ఇంట్లో నాకు ఎంత మర్యాదో!

పార్కు గేటు దగ్గర దిగితే మనిషి అలికిడి లేదు. లోపలంతా సరుగుడు తోట. గాలి వీస్తే ఆ చెట్లు వడ్లు చెరిగినట్టు చప్పుడు చేస్తాయి. తోట దాటితే ఇసుక దిబ్బలు, కల్లంలో పోసిన వడ్ల రాశుల్లాగా, కానీ ఏ మిల్లుకూ తోలలేనన్ని. వాటి మీద ఊదారంగు పూల తీగలు పాకి ఉన్నాయి. బొటనవేలంత ఎండ్రకాయలు మమ్మల్ని చూసి, చుట్టాలొచ్చారని తలుపులేసుకునే పిసినారుల్లా బొరియల్లోకి దూరాయి. దిబ్బల అంచున నీడనిచ్చే సరుగుడు చెట్లు ఉన్నాయి. అక్కడికి ఎక్కి చూస్తే ఎదురుగా సముద్రం.

మాట్లాడనని మాట ఇచ్చినదాన్ని కదా, నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. అత్తమ్మ చేతులు జోడించింది. మా ఆయన లారీలోంచి తప్ప సముద్రాన్ని చూసినవాడు కాదు. చాలాసేపు చూసి, “గిన్ని నీళ్లు ఈడ పెట్టుకొని, మన చివరి మడికి నీళ్లు లేవంటరా!” అన్నాడు.

ఒక చెట్టు నీడలో వెంకటరత్నమ్మ కూర్చుని ఉంది. సన్నగా, నిటారుగా, తెల్లటి జుట్టు చిన్న ముడి. ఒళ్లో ఒక గుడ్డసంచి, దాని మీద రెండు చేతులు. పక్కన నిలబడ్డ ప్రసాద్ పరీక్షకు వచ్చిన పిల్లాడిలా చెమటలు కక్కుతున్నాడు.

“ప్రయాణం బాగా జరిగిందాండీ?” అంది ఆమె.

“అయింది,” అంది అత్తమ్మ.

“ఎండగా ఉంది.”

“ఉన్నది.”

అంతే. ఇద్దరు లష్కర్లు ఎదురెదురుగా కూర్చుని ఎవరి తూము వాళ్లు దించుకున్నట్టు. స్వరూప నేలను చూస్తోంది, ప్రసాద్ ఆకాశాన్ని చూస్తున్నాడు. నాకు నాలుక దురద పెడుతోంది. అయినా కరిచిపట్టుకున్నాను. ఈ ఒక్క మంచిపని నా లెక్కలో రాసుకోండి, తర్వాత అవసరమవుతుంది.

చివరికి ప్రసాదే అన్నాడు. “ఒడ్డు వెంట అలా నడిచొద్దామా? చెప్పులు ఇక్కడే వదిలేయండి. ఇసుక దూరి నడవలేరు. నేల ఇప్పుడింకా చల్లగానే ఉంది.”

అందరూ చెట్టు కింద చెప్పులు విడిచారు. వెంకటరత్నమ్మ లేచింది గానీ సంచి వదలలేదు.

“సంచి ఈడ పెట్టుండ్రి పెద్దమ్మా, నేను సూస్త,” అన్నాను.

ఆమె నన్ను చూసింది, సంచిని చూసింది, మళ్లీ నన్ను చూసింది. “జాగ్రత్తమ్మా,” అని ఇచ్చింది.

ప్రసాద్ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “అక్కా, సామాన్లు చెట్టు కిందే ఉండనివ్వండి. కదపొద్దు.”

పాపం, నాకు శ్రమ ఎందుకని అంటున్నాడు, ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. ముందు పిల్లా పిల్లాడూ, వెనక ఇద్దరు తల్లులూ నడుచుకుంటూ పోయారు. ఆ తల్లుల మధ్య ఎడ్లబండి పట్టేంత దూరం. నాకు దిగులేసింది. ఇట్లా అయితే ఈ పెళ్లి ఎట్లా అవుతుంది?

మా ఆయన చాప పరిచి పడుకున్నాడు. బండి నడిపి అలిసిన మనిషి, పడుకోగానే గురక. నేను సామాను చూస్తూ కూర్చున్నాను. ఎండ ముదిరింది. నీడ పలచబడింది. గాలి లేచి పొడి ఇసుకను తెచ్చి గిన్నె మూత మీద పోస్తోంది. వియ్యపు వంటలో పంటి కింద ఇసుక పడితే ఇక అంతే కదా! ఎక్కడైనా దుమ్ము లేని చోటు ఉందా అని చూస్తే, కింద సముద్రం ఎదుట, తడిసి గట్టిపడ్డ నేల. నున్నగా, చల్లగా, అచ్చం నీళ్లు బంద్ పెట్టిన కాలువ అడుగులాగా.

అప్పుడు గమనించాను. మేము వచ్చినప్పుడు నీళ్లు గవ్వల వరుస దాకా ఉన్నాయి. ఇప్పుడు చాలా దూరం వెనక్కి పోయాయి. నడుమ తడి గీత మెరుస్తోంది.

“ఏమయ్యో, లే! సముద్రం బంద్ పెట్టిండ్రు.”

“ఎవరు?” అన్నాడు కళ్లు తెరవకుండా.

“ఎవరో, ఈడి లష్కరు.”

“సముద్రానికి లష్కరుంటడానే?”

“మన పిల్లకాలువకే మనిషిని పెట్టిరి. గిన్ని నీళ్లకు పెట్టకుండ ఉంటరా? ఆ తడి గీత సూడు. పొద్దుగాల గాడిదాక ఉండె, ఇప్పుడు ఏడికి పోయినయో సూడు. వంతు అయిపోయింది. ఇగ ఎల్లుండి దాక రావు.”

“నీ ఇష్టం,” అని పక్కకు తిరిగాడు.

అమ్మలారా, ఒక మాట గుర్తుపెట్టుకోండి. మొగుడు ‘నీ ఇష్టం’ అన్న చోట మనం ఆగిపోవాలి. నేను ఆగలేదు. మొగుణ్ని పక్కకు దొర్లించి చాప లాక్కుని, సామానంతా కిందికి మోశాను. తడి నేల మీద చాప పరిచాను, విస్తరాకులు వేశాను, నడుమ గిన్నె, డబ్బా, సకినాలు పెట్టాను. వెంకటరత్నమ్మ సంచి భద్రంగా ఒక మూలన. వచ్చి తినగానే అందుబాటులో ఉంటాయని చెప్పులు కూడా తెచ్చాను. ఊరికే తేలేదు. ప్రసాద్ చెప్పుల పక్కన స్వరూపవి పెట్టాను, అత్తమ్మ చెప్పుల పక్కన వెంకటరత్నమ్మవి. మనుషులు కలవకపోతే చెప్పులైనా కలుస్తాయని. పెట్టి, దూరంగా నిలబడి చూసుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నం ముందు అందరూ మెత్తబడతారు, వెంకటరత్నమ్మ కూడా మెత్తబడుతుంది, స్వరూప నన్ను పట్టుకుని ‘వదినా, నువ్వే చేసినవ్ ఈ పెళ్లి’ అంటుంది. ఇదంతా చూసినట్టే ఉంది నాకు.

అప్పుడు ఒక పలచటి నీటి నాలుక వచ్చి చాప అంచును నాకి పోయింది.

నేను కంగారు పడలేదు. ‘తూము సరిగా దించలేదు, లీకేజీ’ అనుకున్నాను. రెండోది వచ్చి విస్తరాకును తడిపింది. ఇక చీర ఎగ్గట్టాను. నాట్ల కాలంలో నేను గట్టు వేస్తే చూడ్డానికి పక్క చేనువాళ్లు వచ్చేవారు. వంగి రెండు చేతులా తడి ఇసుక తోడి, చాప చుట్టూ గట్టు పోసి, మడమతో తొక్కి, అరచేత్తో నున్నగా రాశాను. చప్పుడుకు మా ఆయన దిబ్బ మీద లేచి కూర్చున్నాడు. తర్వాత పరుగెత్తుకొచ్చాడు.

“సైదా! నీళ్లొస్తున్నయే!”

“లీకేజి! సూస్తవేంది, జర మట్టందియ్యి!”

“మట్టేడిదే ఈడ? అంత ఇసుకనే!”

“ఇసుకనే అందియ్యి!”

“గట్టు వదిలెయ్యే, సామాను తీద్దాం!”

“నేను కట్టిన గట్టు ఎన్నడన్న తెగిందా? గుండె మీద చెయ్యేసుకొని చెప్పు, తెగిందా?”

“తెగలే! గానీ గవి కాలువ నీళ్లు!”

“నీళ్లంటే నీళ్లే!”

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. సముద్రపు నీరు మిట్ట కూడా ఎరుగుతుందని ఒక్క పెద్దయినా చెప్పి పోయాడా? అప్పుడు వచ్చింది ఒక అల. అది వచ్చింది అనకూడదు, విచ్చేసింది అనాలి. నా గట్టు పాయసంలో బెల్లంలా కరిగింది. బగారన్నం గిన్నె పడవలా ఒక చుట్టు తిరిగి, ఒక పక్కకు ఒరిగి, చేపలకు వడ్డించింది. సకినాలు చక్రాల్లా తేలిపోయాయి. చెప్పులు జతలు జతలుగానే బయలుదేరాయి గానీ, కొంత దూరం పోయాక ఏ చెప్పు దారి అది చూసుకుంది. మా ఆయన చాప దొరకబుచ్చుకున్నాడు. నేను దేన్ని కాపాడానంటారా? కూర డబ్బాను. చంటిబిడ్డను హత్తుకున్నట్టు రొమ్ముకు హత్తుకుని, నడుము లోతు అవమానంలో నిలబడ్డాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అడుసు నేను తొక్కితే కాళ్లు సముద్రమే వచ్చి కడిగింది.

నలుగురూ పరుగెత్తుకుంటూ వచ్చారు.

“వదినా!” అంది స్వరూప. ఒక్క మాటే. ఆ ముఖంలో కోపం ఉన్నా బాగుండేది. లేదు. అంతా అయిపోయిందన్నట్టు చూసింది.

“అయ్యో, నా సంచి!” అంది వెంకటరత్నమ్మ.

సంచి అప్పటికే అలల మీద ఊగుతోంది. మేమంతా చూస్తుండగా బోర్లా పడింది. అరటిపళ్లు బయటికొచ్చాయి. కుంకుమ భరిణె బయటికొచ్చి మునిగింది. ఆ వెనకే, మడత మీద మడత విప్పుకుంటూ, ఒక చీర. పచ్చటి పసుపు రంగు, ఎర్ర అంచు, కొత్త నేత చీర. నీళ్ల మీద పరుచుకుని ఎండకు ధగధగా మెరిసింది.

ప్రసాద్ తల్లి వైపు తిరిగాడు. “అమ్మా... చీర తెచ్చావా? నాకు చెప్పలేదే!”

ఆమె సముద్రం వైపే చూస్తూ అంది. “ఊరికే తెచ్చాలేరా. పిల్ల నచ్చితే పెడదామని. నచ్చకపోతే నేనే కట్టుకుందామని.”

“ఈ రంగు చీర నువ్వు కడతావా?”

ఈలోపు స్వరూప నీళ్లలోకి దిగింది. మోకాలు లోతు, నడుము లోతు. ప్రసాద్ కేక వేసి వెనకే దూకాడు. ఇద్దరూ చెరో కొంగు పట్టుకుని ఒడ్డుకు లాగారు. స్వరూప నీళ్లు కారుతున్న చీరను రెండు చేతుల మీద వేసుకుని ఆమె ముందు నిలబడింది.

“అమ్మా, చీర దొరికింది. ఉప్పునీళ్లు పట్టినయ్. ఇంటికి పోంగనే మంచినీళ్లల్ల జాడిస్త.”

“ఏ ఇంటికి?” అంది వెంకటరత్నమ్మ.

నేను కూర డబ్బాను ఇంకా గట్టిగా హత్తుకున్నాను.

స్వరూప తల దించుకుంది. “మీరు ఏ ఇంటికంటే ఆ ఇంటికి.”

ఆ తల్లి చెయ్యి లేచి, పిల్ల చెంపకు అంటిన తడి ఇసుకను కొంగుతో తుడిచింది. అయినా అవుననలేదు, కాదనలేదు. ఇక నేను ఆగలేకపోయాను.

“పెద్దమ్మా, తప్పంత నాది. పిల్లది కాదు. నీళ్లు బంద్ పెట్టిండ్రనుకున్న.”

“ఎవరు పెట్టారు?”

“లష్కరు.”

మా ఆయన నుదురు కొట్టుకుని కాలువా తూమూ అంతా వివరించాడు. ఆమె పెదవులు బిగపట్టింది. “మా సముద్రానికి లష్కరు పైన ఉంటాడమ్మా. చందమామ. ఆయన బంద్ పెట్టేది పూటకే. మళ్లీ పూటకి వదిలేస్తాడు,” అంది. చివరి మాట వణికింది. కోపమో నవ్వో తెలియలేదు.

ఇంకా అసలు కష్టం ముందుంది. మిట్టమధ్యాహ్నం. చెప్పులు లేవు. నీడకు చేరాలంటే దిబ్బ ఎక్కాలి. ఆ దిబ్బ పేలాలు వేయించే మంగలంలా కాలుతోంది. కాళ్ల కింద వేయడానికి మిగిలిన ఆస్తి ఒక చాప, మా ఆయన తువ్వాలు. పెద్దవాళ్లిద్దరినీ చాప మీద నిలబెట్టాం. ముందు తువ్వాలు పరుస్తాం, వాళ్లు దాని మీదికి గెంతుతారు, చాప తీసి ముందుకు వేస్తాం, మళ్లీ దాని మీదికి గెంతుతారు. తువ్వాలు మీద ఇద్దరు పట్టాలంటే ఒకరినొకరు వాటేసుకోక తప్పదు. పొద్దుటి నుంచి మాట కలవని తల్లులు!

“ఆగండి వదినగారూ, కాలు కాలుతోంది!”

“నా బుజం పట్టుకో! గట్టిగ పట్టుకో, నేనున్న గద!”

“మీ కోడలు ఎప్పుడూ ఇంతేనా అండీ?”

“ఇయ్యాల జర నయం.”

వెంకటరత్నమ్మ దిబ్బ నడుమ, తువ్వాలు మీద, ఒంటికాలిపై నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. “మా ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ వినపడదండీ.”

“గట్లయితే మా సైదమ్మను నెలరోజులు పంపిస్త. నువ్వే బస్సెక్కించి తోలుతవ్,” అంది అత్తమ్మ. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పక్కన మేము చాప మోస్తూ పెసరగింజల్లా చిటపటలాడుతున్నాం. మమ్మల్ని అడిగినవారు లేరు.

నీడలో కూర్చుని డబ్బా మూత తీశాను. నాటుకోడి కూర ఉంది, అన్నం లేదు. ఒక్క డబ్బాలో అందరూ చేతులు పెట్టి ఉత్త కూర తిన్నాం. కారానికి ముక్కులు కారాయి. ఎవరు కారానికి ఏడుస్తున్నారో, ఎవరు వేరే దానికి ఏడుస్తున్నారో పోల్చుకోలేకపోయాం.

ప్రసాద్ మెల్లగా అడిగాడు. “అమ్మా, ఇంతకీ నీ మాట?”

వెంకటరత్నమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. వరసగా చాచి ఉన్న మా అందరి ఉత్త కాళ్ల వైపు చూసింది. “ఇంకో సంబంధం వెతకాలంటే చెప్పులరిగేలా తిరగాలంటారు. అరగడానికి ఒక్క జతైనా మిగిల్చిందా వీళ్ల వదిన? ఇంక చేసేదేముంది, ముహూర్తం పెట్టించండి!” అని, తడి చీర తీసి స్వరూప భుజాల చుట్టూ కప్పింది.

నేను అప్పటికప్పుడు, ఉప్పుకు బిర్రబిగిసిన చీరతో, సరుగుడు చెట్టు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ కట్టె కాలేదాకా, లష్కరు ఎవరో తెలియని నీళ్ల పక్కన చాప పరవను, చంద్రుణ్ని అడగకుండా విస్తరి వేయను, మా ఆయన ‘నీ ఇష్టం’ అంటే ఆ పని చచ్చినా చేయను. అత్తమ్మ విని, “గీ ఒట్టన్న గట్టిదేనా, నీ గట్టు లెక్కనేనా?” అంది.

ఓపిగ్గా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట కూరకు అన్నం, మాటకు మనిషి, ఏడుపుకు తోడు ఏనాడూ తక్కువ కాకూడదు. మీ పిల్లల కాళ్ల కింద నేల ఎప్పుడూ చల్లగా ఉండాలి. ఇక లేవండి, పొద్దుపోయింది. చంటిది నా ఒళ్లోనే నిద్రపోయింది, మెల్లగా ఎత్తుకోండి.